వంశపారంపర్యంగా వచ్చే క్లోమ వ్యాధికి ఆయుర్వేదంలో మందు ఉందా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ మామగారికి 34 ఏళ్లకే క్లోమంలో (పాంక్రియాస్‌లో) రాళ్లున్నాయని ఆపరేషన్ అయింది. మీ వారికి 38 ఏళ్లకే షుగర్ వచ్చి ఇన్సులిన్ మీద ఉన్నారు. ఇప్పుడు 12 ఏళ్ల పాపకు ఏడాదిన్నరలో మూడుసార్లు పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. జన్యు పరీక్షలో పీఆర్ఎస్ఎస్1 అనే జన్యువులో లోపమని తేలింది. పూర్తిగా నయం చేసే మందు లేదని గ్యాస్ట్రో డాక్టరు చెప్పారు. మీ ఆడపడుచు మాత్రం ఏడాది పాటు ఆయుర్వేదం కోర్సు వాడితే వేళ్లతో సహా పోతుందని, అరుగుదలకు డాక్టరు ఇచ్చిన ఎంజైమ్ క్యాప్సూల్స్ ఆపేయమని అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. కాయచికిత్సలో (ఆయుర్వేద జనరల్ మెడిసిన్‌లో) ఎండీ చేసి 26 ఏళ్లుగా ప్రాక్టీసులో ఉన్నాను. మా శాస్త్రం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే సూటిగా చెప్తున్నాను.

క్యాప్సూల్స్ ఆపకండి. ఈ జన్యులోపాన్ని సరిచేసే మందు ఆయుర్వేదంలో లేదు, అల్లోపతిలోనూ లేదు. నొప్పి వచ్చిన రోజు పాపను నా దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పికీ నొప్పికీ మధ్య ఉన్న రోజుల్లో ఆకలి, తిండి, నిద్ర, బరువు చక్కబెట్టడానికి ఆయుర్వేదం కొంత సాయం చేయగలదు. అది కూడా గ్యాస్ట్రో డాక్టరుకు తెలిసి, ఆయన మందులతో పాటు జరగాలి.

ముందు ఈ జబ్బు ఏమిటో చెప్తాను. క్లోమం తయారుచేసే ట్రిప్సిన్ మాంసకృత్తులను అరిగించే ఎంజైమ్. పీఆర్ఎస్ఎస్1 జన్యువును బట్టే అది తయారవుతుంది. అది క్లోమంలో ఉన్నంతసేపూ నిద్రాణంగా ఉండి, పేగులోకి వచ్చాకే మేలుకోవాలి. పొరపాటున లోపలే మేలుకుంటే దాన్ని కత్తిరించి పనికిరాకుండా చేసే ఏర్పాటు శరీరంలో ఉంది. ఈ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే లోపంలో ఆ కత్తిరించాల్సిన చోటే, 122వ స్థానంలో, ఒక అమైనో ఆమ్లం మారిపోతుంది. ఇక ట్రిప్సిన్‌ను ఆపేది ఉండదు. అన్నం మీద పనిచేయాల్సిన కత్తి ఒరలో ఉండగానే ఒరను కోసేస్తుందన్నమాట. ఇలాంటి కుటుంబాల గురించి వైద్యులు మొదట 1952లో రాశారు, జన్యువు దొరికింది 1996లో. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. లోపం ఉన్నవాళ్లలో సుమారు 80 శాతం మందికే జబ్బు బయటపడుతుంది. ఒకే ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇంకొకరు హాయిగా తిరగడం అందుకే.

ఇప్పుడు మా గ్రంథాల మాట. 'వేళ్లతో సహా పోతుంది' అనేవాళ్లు చరకుడి పేరు చెప్తారు కాబట్టి చరకుడు ఏమన్నాడో మీకు తెలియాలి. బీజంలో (తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే విత్తులో) ఏ అవయవానికి సంబంధించిన భాగం చెడితే బిడ్డలో ఆ అవయవమే వికృతి చెందుతుందని చరక సంహిత శారీరస్థానంలో ఉంది. జన్యువు అన్న మాట పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందు చెప్పిన మాట అది. పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ అక్కడ ఒక్క క్షణం ఆగుతాను. సుశ్రుతుడు ఇలాంటి వాటిని ఆదిబల ప్రవృత్తాలని (తల్లిదండ్రుల బీజం నుంచి వచ్చేవని) వేరే వర్గంగా పెట్టాడు. ఇక చికిత్సా స్థానంలో ప్రమేహం (షుగర్ లాంటి మూత్ర సంబంధ జబ్బులు) గురించి చెప్తూ చరకుడు, బీజదోషం వల్ల పుట్టుకతో వచ్చిన ప్రమేహం సాధ్యం కాదని, కులంలో పరంపరగా వచ్చే ఇతర వికారాలు కూడా అసాధ్యాలేనని స్పష్టంగా అన్నాడు. అసాధ్యమైన దాన్ని నయం చేస్తానని పూనుకునే వైద్యుడు డబ్బూ విద్యా కీర్తీ పోగొట్టుకుంటాడని కూడా హెచ్చరించాడు. కాబట్టి మీ గ్యాస్ట్రో డాక్టరు చెప్పినదీ చరకుడు చెప్పినదీ ఒకటే.

అలాగని శాస్త్రం రోగిని వదిలేయలేదు. అసాధ్యంలో యాప్యం అని ఒక రకం ఉంది. నయం కాదు, కానీ చికిత్స ఉన్నంతకాలం రోగి బాగుంటాడు. సుశ్రుతుడు దీనికి చక్కని పోలిక చెప్పాడు: కూలబోయే ఇంటిని సరైన చోట నిలబెట్టిన గుంజ ఆపినట్టు అని. గుంజ ఇంటిని కొత్తది చేయదు. కానీ దాన్ని తీసేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీ పాపకు ఇప్పుడున్న గుంజల్లో ఆ ఎంజైమ్ క్యాప్సూల్ ఒకటి. మా విద్యతో ఇంకో గుంజ నిలబెట్టవచ్చు, ఉన్నదాన్ని పీకి కాదు.

ఇంకో మాట. మన బడిపుస్తకాల్లో పాంక్రియాస్‌ను క్లోమం అంటాం. చరక సుశ్రుతులు చెప్పిన క్లోమం ఇదేనా, పిత్తాశయమా, మరొకటా అన్నదాని మీద పండితుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. 'ఈ మందు క్లోమానికని గ్రంథంలోనే ఉంది' అని ఎవరైనా అంటే దాన్ని రుజువుగా తీసుకోకండి. మేం చికిత్స ఆలోచించేది ఆ పేరును బట్టి కాదు. గ్రహణి (అరుగుదల చెడటం), పరిణామశూల (తిన్నది అరిగేటప్పుడు వచ్చే నొప్పి) లాంటి లక్షణ సముదాయాలను బట్టి, అగ్నిబలాన్ని (జీర్ణశక్తిని) బట్టి ఆలోచిస్తాం.

నా దగ్గరికి వచ్చిన ఒక బాబు సంగతి చెప్తాను. తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా కడుపునొప్పి వస్తోంది, ప్రతిసారీ నులిపురుగుల మందు వేశారు. గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చోగానే రెండు మోకాళ్లూ పైకి మడిచి, ఒళ్లో ఉన్న బడిసంచీని పొట్టకేసి నొక్కుకుని ముందుకు వంగాడు. వాళ్లమ్మ 'సరిగ్గా కూర్చోరా' అంది. వాడు సరిగ్గానే కూర్చున్నాడు. క్లోమం నొప్పి ముందుకు వంగితే కాస్త తగ్గుతుంది, వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది. నొప్పి ఎక్కడని అడిగితే బొడ్డుకు పైన చెయ్యి పెట్టి, తర్వాత అదే చెయ్యి వెనక్కి తిప్పి వీపు చూపించాడు. చీటీ వెనకవైపు వాళ్ల వంశవృక్షం గీశాను. నాన్నకు చిన్నప్పుడు ఇలాగే ఉండేదట, మేనత్తకు 30 దాటకముందే షుగర్, తాతగారు 'కడుపు జబ్బు'తో పోయారు. ఆ రోజు నేను మందు రాయలేదు. లైపేజ్ అనే క్లోమం ఎంజైమ్‌కు రక్తపరీక్ష, స్కాన్ రాసి పిల్లల గ్యాస్ట్రో వైద్యుడి దగ్గరికి పంపాను. ఆ బాబుకు ఇప్పుడు 20 ఏళ్లు. ఆహార విషయాలు నాతో మాట్లాడతాడు, మందులు గ్యాస్ట్రో వైద్యుడి దగ్గర.

ఎంజైమ్ క్యాప్సూల్ గురించి. క్లోమం దెబ్బతింటూ పోతే కొవ్వును అరిగించే లైపేజ్ తగ్గిపోతుంది. అప్పుడు మలం పాలిపోయి, జిగటగా, దుర్వాసనతో నీళ్ల మీద తేలుతుంది. రెండు మూడుసార్లు నీళ్లు పోసినా కమోడుకు అంటుకునే ఉంటుంది, నీటి మీద నూనె చుక్కలు మెరుస్తాయి. ఒక తల్లి అది ఫోనులో ఫొటో తీసి చూపించడానికి మొహమాటపడింది. అలాంటి ఫొటో నాకు నాడి కన్నా ఎక్కువ చెప్తుంది. ఏ చూర్ణమూ ఏ అరిష్టమూ లైపేజ్‌ను ఇవ్వదు. జీలకర్ర, శొంఠి, పిప్పలి ఆకలిని లేపగలవు. లేని ఎంజైమ్‌ను తెచ్చి పోయలేవు. బజారులో దొరికే అరుగుదల సిరప్‌లు కూడా దీనికి బదులు కావు.

క్యాప్సూల్ పని చేయడం లేదని వచ్చేవాళ్లలో చాలామంది భోజనం అయ్యాక, చేతులు కడుక్కుని, అన్ని మాత్రలతో కలిపి వేసుకుంటున్నవాళ్లే. మొదటి ముద్దతో వేసుకోవాలి. ఎక్కువ ఉంటే కొన్ని మొదట్లో, కొన్ని భోజనం మధ్యలో. నమలకూడదు, వేడి వేడి పదార్థంలో కలపకూడదు. పాలు తాగినా, చిరుతిండి తిన్నా వేసుకోవాలి. పెద్దలకు మామూలుగా పెద్ద భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్‌తో మొదలుపెడతారు. పిల్లలకు బరువును బట్టి లెక్క కడతారు, అది డాక్టరే చెప్పాలి. ఇంకొకటి, ఎవరూ పైకి చెప్పని కారణం: ఈ ఎంజైమ్‌ను పంది క్లోమం నుంచి తీస్తారు. అది తెలిసి శాకాహార కుటుంబం ఒకటి నిశ్శబ్దంగా మానేసింది. ఆరు నెలల్లో పిల్ల నాలుగు కిలోలు తగ్గింది. మీ ఇంట్లోనూ ఆ సంకోచం ఉంటే దాచకుండా డాక్టరుతో మాట్లాడండి. ఆ మాట మాట్లాడుకున్నాక వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు, పిల్ల కోలుకుంది.

ఇక ఆయుర్వేదం పేరుతో ఈ పిల్లలకు ఇవ్వకూడనివి. ఈ భాగం దయచేసి మీ వారికి, ఆడపడుచుకు కూడా చదివి వినిపించండి.

మొదటిది ఆసవాలు, అరిష్టాలు. ఇవి పులియబెట్టి చేసేవి. సహజంగా పుట్టిన ఆల్కహాల్ సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఒక్క చుక్క మద్యం వద్దని చెప్తాం, అదే ఇంట్లో పిల్లకు 'ఆకలి పుట్టడానికి' రోజూ రెండు పూటలా అరిష్టం పోస్తారు. ప్రాక్టీసు మొదటి ఏళ్లలో నేను కూడా ఒక కుర్రవాడికి ద్రాక్షారిష్టం రాశాను. మూడో వారంలో అతను నొప్పితో ఆసుపత్రిలో చేరాడు. అరిష్టం వల్లే వచ్చిందని చెప్పలేను, ఈ జబ్బులో నొప్పి ఏ కారణమూ లేకుండానూ వస్తుంది. కానీ ఆ రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేసి 'ఆ సీసాలో ఏముందండీ' అని అడిగినప్పుడు చెప్పాల్సి వచ్చిన జవాబు నేను మర్చిపోలేదు. ఆ తర్వాత క్లోమం రోగికి ఎవరికీ అరిష్టం రాయలేదు.

రెండోది స్నేహపానం, అంటే పంచకర్మకు ముందు రోజురోజుకూ మోతాదు పెంచుతూ నెయ్యి తాగించడం. కొవ్వు అరగని పిల్లకు ఖాళీ కడుపున నెయ్యి పట్టిస్తే విరేచనాలు, నొప్పి ఖాయం. వమనం (మందుతో వాంతులు చేయించడం), విరేచనం (మందుతో విరేచనాలు చేయించడం) కూడా వద్దు. ఇప్పటికే బరువు తగ్గిన ఒంటికి ఇలాంటి శోధనం చేయకూడదని మా సూత్రమే చెప్తుంది.

మూడోది పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు లేని పొట్లాలు. 19 ఏళ్ల అబ్బాయి ఒకడు అలాంటివి ఎనిమిది నెలలు వాడాడు. కడుపునొప్పి మళ్లీ మొదలైంది, అందరూ పాంక్రియాటైటిసే అనుకున్నారు. లైపేజ్ చూస్తే మామూలుగా ఉంది. మలబద్ధకం, నీరసం, రక్తం తక్కువ. చిగుళ్ల అంచున నీలిగీత లాంటిది కనిపించి సీసం పరీక్ష రాశాను. చాలా ఎక్కువగా వచ్చింది. సీసం విషం వల్ల వచ్చే కడుపునొప్పి క్లోమం నొప్పిలాగే మోసం చేస్తుంది. జబ్బు తగ్గడానికి వేసుకున్న మందే ఇంకో జబ్బై, పాత జబ్బు వేషం వేసుకుంది. 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14లో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. శాస్త్రప్రకారం శుద్ధిచేసిన లోహ భస్మం వేరు, ఇది వేరు అని మావాళ్లు అంటారు. ఆ తేడా నాకూ తెలుసు. కానీ పొట్లం చూసి ఆ తేడా మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఎదిగే పిల్లకు రసౌషధాలు (పాదరసం, లోహాలతో చేసే మందులు) నేను వాడను.

త్రిఫల, అవిపత్తికర చూర్ణం లాంటివి విరేచనకారులు. మలం పలచగా ఉన్నవాళ్లకు పనికిరావు. తిప్పతీగ కషాయం కూడా సొంతంగా మొదలుపెట్టకండి. కొవిడ్ సమయంలో అది తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబై వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. వాదం ఎలా తేలినా, మీ పాప మీద ప్రయోగం చేయాల్సిన అవసరం లేదు.

మీరు అడిగిన 'ఏడాది కోర్సు' గురించి. ఉత్తరాఖండ్‌లో ఒక ఆయుర్వేద కేంద్రం రాగి, పాదరసం, గంధకంతో చేసిన మందు పాంక్రియాటైటిస్‌కు ఇస్తోంది. తమ రోగుల వివరాలు పత్రికల్లో ప్రచురించింది కూడా. ప్రచురించడం మంచి పనే. అయితే అక్కడ మందుతో పాటు కట్టుదిట్టమైన భోజనం, విశ్రాంతి, మద్యం పొగాకు పూర్తిగా మానడం కూడా ఉన్నాయి. వీటిలో దేని వల్ల ఎంత మేలు జరిగిందో తేలాలంటే, కొందరికి మందు ఇచ్చి, కొందరికి అదే నియమాలతో మందు లేకుండా చూసి పోల్చాలి. పైగా ఈ జబ్బులో నొప్పులు వాటంతటవే ఏడాది, రెండేళ్లు రాకుండా ఉండటం మామూలు. ఆ వ్యవధిలో ఏ మందు వాడితే దానికే పేరొస్తుంది. ఇంకా బాధపెట్టే విషయం, క్లోమం పూర్తిగా ఎండిపోతే కొందరికి నొప్పి తగ్గిపోతుంది. అది నయమవడం కాదు. అందుకే ఎవరైనా 'తగ్గింది' అంటే నొప్పి ఒక్కటే కాదు, బరువు, షుగర్, స్కాన్, మలంలో ఎలాస్టేజ్ (క్లోమం తయారుచేసే ఇంకో ఎంజైమ్) ఎలా ఉన్నాయని అడగండి.

మన దినుసుల మీద నిజాయితీగా జరిగిన పరిశోధనలూ ఉన్నాయి. 2005లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో ఉష్ణమండల పాంక్రియాటైటిస్ (మన లాంటి వేడి దేశాల్లో కనిపించే రకం) ఉన్న 20 మందికి పసుపులోని కర్కుమిన్, మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఆరు వారాలు ఇచ్చారు. రక్తంలో ఆక్సీకరణ సూచిక తగ్గింది, నొప్పి మాత్రం తగ్గలేదు. 2009లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 127 మందిలో సెలీనియం, విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్, మెథియోనిన్ కలిపి ఇస్తే నొప్పి ఉన్న రోజులు తగ్గాయి. తర్వాత బ్రిటన్‌లో జరిగిన ఇలాంటి అధ్యయనంలో తేడా కనబడలేదు. ఇవేవీ జన్యువున్న పిల్లల మీద ప్రత్యేకంగా చేసినవి కావు. డాక్టరు యాంటీఆక్సిడెంట్ రాస్తే వేయండి. పసుపు కూరలో ఎలాగూ ఉంటుంది.

మరి నేను ఏం చేస్తాను? నిజానికి మందు తక్కువ, మాట ఎక్కువ. రోజుకు మూడు పెద్ద భోజనాలకు బదులు ఐదారు చిన్నవి పెట్టమంటాను. ఆకలి లేకపోతే భోజనానికి ముందు వేయించిన జీలకర్ర పొడి కలిపిన పలచని మజ్జిగ, దానిమ్మ రసం. అవసరమైతే తుంగముస్తలు, శతావరి లాంటివి, పేరున్న తయారీ నుంచి, ఒకసారికి ఒక్కటి. అప్పుడే ఏది పడిందో ఏది పడలేదో తెలుస్తుంది. నెయ్యి, నూనె పూర్తిగా మాన్పించను. భయంతో కొవ్వు మాన్పిస్తే పిల్ల ఎదగదు. క్యాప్సూల్ సరిగ్గా వేసుకుంటూ మామూలు మోతాదులో తినాలి, వేపుళ్లు మాత్రం తగ్గించాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మా సంసర్జన క్రమం పనికొస్తుంది: పలచని జావ, తర్వాత మెత్తటి అన్నం, పెసరకట్టు, తర్వాత మామూలు భోజనం. గ్రంథంలో వారం దాకా చెప్పిన దాన్ని నేను రెండు మూడు రోజులకు కుదించాను. ఎక్కువ రోజులు పస్తు పెట్టకుండా త్వరగా తినిపిస్తేనే మేలని ఇప్పుడు తెలిసింది.

నొప్పి వచ్చిన రోజు 'లంఖణం పరమౌషధం' అని ఇంట్లో కూర్చోకండి. పై కడుపులో మొదలై వీపులోకి పోయే నొప్పి, ఆగని వాంతులు, జ్వరం ఉంటే గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. సెలైన్ మొదట్లోనే ఎక్కడం చాలా ముఖ్యం. ఇంట్లో పస్తు పెడితే ఒళ్లు ఎండిపోయి జబ్బు ముదురుతుంది.

డాక్టరు దగ్గర వీటిని గుర్తుచేసి అడగండి: ఏటా షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), విటమిన్ ఎ, డి, ఇ, కె, ఎముకల బలం, ప్రతి మూడు నెలలకూ ఎత్తు, బరువు. నాళంలో రాళ్లుంటే ఎండోస్కోపీతో, బయటి నుంచి తరంగాలతో పగలగొట్టే పద్ధతులున్నాయి. ఏదీ పనిచేయని కొద్దిమందికి క్లోమం మొత్తం తీసి అందులోని ఇన్సులిన్ కణాలను కాలేయంలోకి ఎక్కించే ఆపరేషన్ ఉంది. 1977లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైంది. మీ పాపకు ఇప్పుడు ఆ ఆలోచన అవసరం లేదు, ఉందని తెలిస్తే చాలు.

మీ వారి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, 'అప్పుడప్పుడు సిగరెట్ కాలుస్తారు' అని. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. ఈ జన్యువు ఉన్నవాళ్లకు క్లోమం క్యాన్సర్ ముప్పు ఎక్కువ. 70 ఏళ్లు వచ్చేసరికి 40 శాతం దాకా అని కొన్ని అధ్యయనాల్లో వచ్చింది, అమెరికాలో తర్వాత జరిగిన ఒకదాంట్లో అంతకన్నా చాలా తక్కువ వచ్చింది. కానీ పొగ తాగితే ముప్పు రెట్టింపవుతుందని, క్యాన్సర్ సుమారు 20 ఏళ్ల ముందే వస్తుందని లెక్కలున్నాయి. ఆయనకు జన్యు పరీక్ష చేయించి, 40 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ గానీ ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గానీ అవసరమా అని అడగండి. ఇన్సులిన్‌తో పాటు షుగర్ తగ్గిస్తాయనే పొడులు, కషాయాలు కలపవద్దు. ఈ రకం షుగర్‌లో చక్కెర హఠాత్తుగా పడిపోతే దాన్ని తిరిగి పెంచే గ్లూకగాన్ కూడా క్లోమంలో తగ్గిపోయి ఉంటుంది.

మీ బాబుకు ఏడేళ్లు, ఏ ఇబ్బందీ లేదన్నారు. వాడికి పరీక్ష చేయించడానికి తొందరపడకండి. లోపం ఉందని తేలినా ఇప్పుడు చేసే చికిత్స ఏమీ లేదు, ఇంట్లో మాత్రం వాణ్ణి రోగిలా చూడటం మొదలవుతుంది. జన్యు సలహాదారుతో మాట్లాడి నిర్ణయించండి. వాడికి పైకడుపు నొప్పి వస్తే మాత్రం నులిపురుగులని వదిలేయకుండా ఆ రోజే లైపేజ్ చేయించండి.

పాప ఎత్తు, బరువు, గత ఏడాది బరువు, క్యాప్సూల్ ఎన్ని యూనిట్లది, ఎప్పుడు వేస్తున్నారు, మలం ఎలా ఉంటోంది, ఈ వివరాలు రాయండి. ఇప్పటికే ఏవైనా పొడులు మొదలుపెట్టి ఉంటే డబ్బా మీద రాసి ఉన్నది ఉన్నట్టు రాయండి. డబ్బా మీద ఏమీ రాసి లేకపోతే ఈ పూట నుంచే ఆపేయండి.